మీకు తెలుసా? ముందు చక్రాల కారు, డ్రాగ్ స్ట్రిప్, మొదటి 60 అడుగులు

డ్రాగ్ రేసు చూడటానికి చాలా సాదాసీదా ఆట. పావు మైలు తిన్నని దారి, అంటే 402 మీటర్ల చిల్లర. పక్కపక్కన రెండు కార్లు. పచ్చ లైటు పడ్డాక ఎవరు ముందు చేరితే వాళ్లదే గెలుపు. అమెరికాలో వాలీ పార్క్స్ 1951లో నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ స్థాపించిన తర్వాత చాలా ఏళ్లపాటు డ్రాగ్ కారంటే వెనక చక్రాలు నెట్టే కారే. 1990ల్లో దక్షిణ కాలిఫోర్నియా కుర్రకారు సెకండ్ హ్యాండ్ హోండా సివిక్‌లు, సీఆర్‌ఎక్స్‌లు, ఇంటెగ్రాలు వేసుకుని స్ట్రిప్‌ల మీదికి వచ్చేసరికి వరస మారింది. అవన్నీ ముందు చక్రాలు లాగే కార్లు. చిన్న ఇంజిన్‌కు టర్బో బిగిస్తే పవర్ రెండింతలు, ఒక్కోసారి మూడింతలు అయ్యేది. కానీ ఆ పవర్ నేలకు దిగేది కాదు. కారు కదలకముందే టైర్లు గిర్రున తిరిగి పొగలు కక్కేవి. చేతిలో పెద్దగా డబ్బు లేని ఆ కుర్రాళ్లు చిక్కుముడులు ఒక్కొక్కటే విప్పుకుంటూ పోయిన తీరు ఈ ఆట మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టం. వాళ్లు పట్టుకున్న కిటుకుల్లో చాలావాటికి ఖర్చు తక్కువ, లెక్క ఎక్కువ.

రేస్ ఇచ్చిన కొద్దీ ముందు చక్రాలు తేలికైపోతాయి

బస్సు ఒక్క ఉదుటున కదిలితే నిలబడ్డవాళ్లు వెనక్కి తూలతారు. కారు బరువూ అలాగే వెనక్కి వాలుతుంది. ఎంత వాలుతుందో లెక్కకట్టి చూస్తే ఈ కార్ల కష్టమంతా కళ్లకు కడుతుంది.

డ్రైవరుతో కలిపి 1000 కిలోల కారు అనుకుందాం. ఆగి ఉన్నప్పుడు ముందు చక్రాల మీద 620 కిలోలు, వెనక చక్రాల మీద 380. ముందు వెనక చక్రాల మధ్య దూరం 2.6 మీటర్లు. గరిమనాభి నేలకు 52 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది. ఈ కారు 0.7 జీ త్వరణంతో, అంటే గురుత్వ త్వరణంలో 0.7 వంతుతో దూకితే 140 కిలోల భారం ముందు నుంచి వెనక్కి పోతుంది. లాగాల్సిన చక్రాలకు మిగిలేది 480 కిలోలే. అదే వెనక చక్రాల కారైతే ఆ 140 కిలోలు వచ్చి పడేది సరిగ్గా కావలసిన చోటే. ఒకరికి శాపమైనది ఇంకొకరికి వరం.

ఈ 140 కిలోల అంకెను నిర్ణయించేవి నాలుగే: కారు బరువు, త్వరణం, గరిమనాభి ఎత్తు, చక్రాల మధ్య దూరం. ఇందులో స్ప్రింగు ఊసే లేదు. ఆ సంగతికి మళ్లీ వద్దాం.

ఖరీదైన టైరు ఇద్దరికీ ఒకే లాభం ఇవ్వదు

రబ్బరుకూ నేలకూ మధ్య ఘర్షణ గుణకం ఒకటి దాటదని చాలామంది అనుకుంటారు. వేడెక్కిన డ్రాగ్ స్లిక్ టైరు ఒకటిని సులువుగా దాటేస్తుంది. అయితే ఆ పట్టులో ముందు చక్రాల కారుకు దక్కే వాటా చిన్నది.

పై కారునే తీసుకుంటే, గుణకం 1 ఉన్న టైరుతో అది అందుకోగల గరిష్ఠ త్వరణం దాదాపు 0.52 జీ. టైరు మార్చి గుణకాన్ని 1.5 చేస్తే 0.72 జీ. ఇవే కొలతలుండి, సగం బరువు వెనక ఉన్న వెనక చక్రాల కారు అవే టైర్లతో 0.62 నుంచి 1.07కు ఎగబాకుతుంది. పట్టు పెరిగితే త్వరణం పెరుగుతుంది, త్వరణం పెరిగితే వెనక్కి వాలే భారం పెరుగుతుంది. ముందు చక్రాల కారు సంపాదించినదాంట్లో కొంత అప్పటికప్పుడే పోగొట్టుకుంటుంది. అందుకే ఈ కార్లలో టైర్లు కొని ఊరుకుంటే పని సగమే అయినట్టు.

మూడో గేరులో కూడా చక్రాలు జారతాయి

వినడానికి అతిశయోక్తిలా ఉంటుంది గానీ అంకెలు ఆ మాటే చెబుతాయి. హోండా బి16 ఇంజిన్‌తో వచ్చిన ఒక గేర్‌బాక్సులో మొదటి గేరు నిష్పత్తి 3.230, ఫైనల్ డ్రైవ్ 4.400. టర్బో పెట్టిన ఇంజిన్ 400 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తోందనుకుంటే, దారిలో పోయే నష్టాలు పక్కన పెడితే, చక్రం దగ్గరికి అది 5,685 న్యూటన్ మీటర్లై వస్తుంది. టైరు వ్యాసార్ధం 30 సెంటీమీటర్లైతే నేలను నెట్టే బలం దాదాపు 18,950 న్యూటన్లు. మన కారు ముందు టైర్లు మంచి స్లిక్స్‌తోనూ తట్టుకోగలిగింది 7,000 చిల్లర. మూడో గేరు నిష్పత్తి 1.458 దగ్గర కూడా బలం 8,550 ఉంటుంది. మొదటి గేరులో ఇంజిన్ ఇచ్చేదాంట్లో సగానికి పైగా వృథా అన్నమాట.

కాబట్టి ఈ కార్లకు అన్నిటికన్నా చవకైన ట్రాక్షన్ పరికరం పవర్‌ను వెనక్కి పట్టడమే. టర్బో వేస్ట్‌గేట్‌లో మెత్తటి స్ప్రింగు వేసి, మొదటి గేరులో తక్కువ బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి), రెండులో కాస్త ఎక్కువ, మూడు నుంచి పూర్తిగా వదిలేలా అమర్చుకుంటారు. ప్రోగ్రామ్ చేసుకోగల ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) ఉన్నవాళ్లకు దీనికి అదనంగా కావలసింది ఒక చిన్న సోలెనాయిడ్ వాల్వు. ‘నా కారుది 500 హార్స్‌పవర్’ అని చెప్పుకునే మనిషికి మొదటి గేరులో 200తో సరిపెట్టుకోవడం మనసొప్పదు. ఒప్పుకున్నవాళ్లే ముందు గమ్యం చేరారు.

వెనక స్ప్రింగు గట్టిదైతే భారం మారడం ఆగదు

ఈ ఆటలో ఎంతో కాలంగా నడుస్తున్న అపోహ ఇది. వెనక గట్టి స్ప్రింగులు వేస్తే బరువు వెనక్కి పోదంటారు. పైన చెప్పిన నాలుగు కొలతల్లో స్ప్రింగు లేదు. రాయిలాంటి స్ప్రింగు వేసినా ఆ 140 కిలోలు వెనక్కి వెళ్లే తీరతాయి. కారు కూలబడటం తగ్గుతుంది కాబట్టి బయటినుంచి చూసేవాళ్లకు బరువు ఆగిపోయినట్టు కనిపిస్తుంది.

మరి రేసర్లంతా గట్టి స్ప్రింగులు ఎందుకు వేస్తారు? దానికి వేరే మంచి కారణాలున్నాయి. వెనక భాగం కూలబడకపోతే ముక్కు పైకి లేవడం తగ్గుతుంది. ముక్కు లేవకపోతే ముందు చక్రాల కోణాలు చెదరవు, టైరు నేల మీద బల్లపరుపుగా నిలుస్తుంది. కారు ముందుకూ వెనక్కూ ఊగకపోతే టైరు మీద భారం ఒకసారి పెరిగి ఒకసారి తగ్గడం ఉండదు, పట్టు నిలకడగా దొరుకుతుంది. ముందు షాక్ అబ్జార్బర్లను సాగేటప్పుడు గట్టిగా ఉండేలా, వెనకవాటిని అణిగేటప్పుడు గట్టిగా ఉండేలా సర్దుకునేదీ ఇందుకే. అలాంటి షాక్‌లు కొనలేనివాళ్లు ముందు సస్పెన్షన్ ఒక హద్దు దాటి సాగకుండా గట్టి పట్టీ కట్టేస్తారు.

గరిమనాభిని కిందికి దించడం మాత్రం నిజంగా ఆ భారాన్ని తగ్గిస్తుంది. మన లెక్కలో 52 సెంటీమీటర్లను 47 చేస్తే, అదే త్వరణంలో వెనక్కి పోయే భారం 140 నుంచి 127 కిలోలకు దిగుతుంది.

డిక్కీలో స్టెప్నీ ముక్కును పైకి లేపుతుంది

వెనక ఇరుసుకు వెనకాల ఉన్న ప్రతి వస్తువూ ముందు చక్రాల భారాన్ని తగ్గిస్తుంది, కారు ఆగి ఉన్నప్పుడు కూడా. 15 కిలోల స్టెప్నీ వెనక ఇరుసుకు అర మీటరు వెనకాల పడుకుని ఉంటే, ముందు చక్రాల మీద దాదాపు 3 కిలోలు తగ్గినట్టే. దాన్ని తీసి ఇంటి దగ్గర పెట్టి వెళ్తే కారు 15 కిలోలు తేలికవుతుంది, ముందు టైర్లకు 3 కిలోలు తిరిగొస్తాయి, జేబులోంచి పైసా కదలదు. డిక్కీలోని స్పీకర్లు, డిక్కీ అట్టలు అన్నీ ఈ లెక్కలోవే.

వెనక చక్రాల కార్లవాళ్లు బ్యాటరీని డిక్కీలోకి మారుస్తారు. అది చూసి ముందు చక్రాల కారులోనూ అలాగే చేసేవాళ్లున్నారు, పని బొత్తిగా తలకిందులవుతుంది. బ్యాటరీ ముందే ఉండాలి, వీలైతే ఇంకా ముందుకు జరగాలి.

పెట్రోలు సంగతి కొంచెం జాగ్రత్త. ట్యాంకు వెనక సీటు కింద ఉంటుంది కాబట్టి తక్కువ పోసుకోవడం లాభమే. కానీ కారు దూకినప్పుడు పెట్రోలంతా ట్యాంకు వెనక గోడకు చేరుతుంది. పంపు నోట్లోకి గాలి పోతే టర్బో ఇంజిన్‌కు ఇంధనం చాలక పిస్టన్లు కరిగిపోయే ప్రమాదం ఉంది. ట్యాంకులో అడ్డుగోడలో, చిన్న సర్జ్ ట్యాంకో ఉంటే తప్ప అడుగంటేదాకా తేవద్దు.

కారు వెనక పొడుచుకొచ్చే కడ్డీలు ముక్కు లేవకుండా కాదు, ముందు టైరు నొక్కుకోవడానికి

చిట్టి చక్రాలున్న పొడవాటి కడ్డీలను వెనక చక్రాల డ్రాగ్ కార్లకు ముందు చక్రాలు గాల్లోకి లేవకుండా బిగిస్తారు. ముందు చక్రాల కారు ఎటూ అలా లేవదు. మరి దీనికెందుకు? కారు వెనక్కి వాలినప్పుడు ఆ భారం వెనక టైర్ల మీద కాకుండా ఇంకా వెనకున్న చిట్టి చక్రాల మీద పడుతుంది. అంటే చక్రాల మధ్య దూరం పెరిగినట్టే. 2.6 మీటర్లకు ఇంకో 1.2 మీటర్లు చేరి, వెనక భారమంతా అక్కడే ఆనితే, 140 కిలోలు 96 దగ్గర ఆగుతాయి. ఆచరణలో వెనక టైర్లు కూడా కొంత మోస్తాయి కాబట్టి లాభం అంతకన్నా కొంచెం తక్కువే. పైపులు, వెల్డింగ్, రెండు చిన్న చక్రాలు చాలు. అయితే కారు చట్రానికి గట్టిగా అతికి ఉండాలి. బంపర్‌కు బిగించిన కడ్డీ మొదటి దూకుడుకే బంపర్‌తో సహా ఊడొస్తుంది.

నేల మీది నల్ల గీత చదవాలి

రేసుకు ముందు టైర్లను వేడి చేయడానికి నిలబెట్టి తిప్పుతారు, దాన్నే బర్నవుట్ అంటారు. వెనక చక్రాల కారుకు ముందు బ్రేకులు మాత్రమే పట్టి ఉంచడానికి లైన్ లాక్ అనే పరికరం కొనాలి. ముందు చక్రాల కారుకు ఆ ఖర్చు లేదు, హ్యాండ్‌బ్రేక్ లాగితే చాలు. వెనక చక్రాలు బిగుసుకుంటాయి, ముందువి తిరుగుతాయి.

పొగ తగ్గాక కారును నాలుగడుగులు ముందుకు పోనిచ్చి, దిగి వంగి చూడాలి. గీత రెండు అంచులూ చిక్కటి నలుపు, నడిమి వెలిసినట్టు ఉంటే గాలి తక్కువ. నడిమి పట్టీ ఒక్కటే నల్లగా ఉంటే గాలి ఎక్కువ. లోపలి అంచు నల్లగా ఉండి బయటి అంచు ఆనవాలే లేకపోతే టైరు లోపలికి వాలి నిలబడింది, గాలితో కుదరదు, క్యాంబర్, అంటే ఆ వాలు, సరిచేయాలి. వెడల్పంతా ఒకే నలుపు కనిపించేదాకా ఒక్కొక్క పీఎస్‌ఐ చొప్పున మార్చుకుంటూ పోవాలి. పంక్చర్ షాపులో ‘33 గాలి’ పెట్టించుకునే అలవాటున్నవాళ్లకు డ్రాగ్ స్లిక్స్ 15 పీఎస్‌ఐ అటూ ఇటూ పరిగెడతాయంటే నమ్మకం కుదరదు. ఆ టైర్ల గోడలు అందుకే అంత ఎత్తుగా, మెత్తగా ఉంటాయి. మామూలు రోడ్డు టైరును అంతకు దించితే మాత్రం నడిమి భాగం లోపలికి ముడుచుకుని నేలను వదిలేస్తుంది. వెనక టైర్లది మరో దారి. సన్నటివి వేసి గాలి గట్టిగా కొడతారు, తేలిగ్గా దొర్లితే చాలు.

ఇంకో మాట. టైరు ఏమాత్రం జారకుండా తిరిగేటప్పుడు దాని పట్టు గరిష్ఠం కాదు. చక్రం కారు వేగం కన్నా కొంచెం ఎక్కువ తిరగాలి, రోడ్డు టైర్లలో ఇది సుమారు 10 నుంచి 15 శాతం. అందుకే మంచి డ్రైవరు బయల్దేరినప్పుడు అరుపు ఉండదు, నిశ్శబ్దమూ ఉండదు, సన్నటి కూత ఒకటి వినిపిస్తుంది.

అలైన్‌మెంట్ చూడాల్సింది కారు దూకే భంగిమలో

రేస్ ఇచ్చినప్పుడు ముందు చక్రాలు కారును లాగుతూ ముందువైపులు కొంచెం దగ్గరికి వస్తాయి. బుష్‌లు పాతబడితే ఇంకా ఎక్కువ. అందుకే ఆగి ఉన్నప్పుడు చక్రాలను పిసరంత బయటికి తెరిచి ఉంచితే, పరుగులో అవి తిన్నగా నిలుస్తాయి. క్యాంబర్‌దీ అదే దారి. కారును కిందికి దించితే చక్రాలు లోపలికి వాలతాయి, పరుగులో ముక్కు లేస్తే ఆ వాలు మారుతుంది. అలైన్‌మెంట్ షాపు కంప్యూటర్ చూపించే అందమైన అంకెలు ఆగి ఉన్న కారువి. డ్రాగ్ కారు ఆగి ఉండేది లైటు పడేదాకానే.

యాక్సిల్‌ను విరగ్గొట్టేది చాలాసార్లు రబ్బరు బుష్

టైరు పట్టి, జారి, మళ్లీ పట్టి, మళ్లీ జారే వరస ఒకటి మొదలైతే కారు ముందు భాగం దడదడలాడుతుంది. దీన్నే వీల్ హాప్ అంటారు. లోయర్ ఆర్మ్ బుష్‌లు, ఇంజిన్ మౌంటింగ్‌లు మెత్తగా ఉంటే, టైరు పట్టిన ప్రతిసారీ అవి సాగుతాయి, జారిన ప్రతిసారీ విడిచిపెడతాయి. ఆ దెబ్బలన్నీ డ్రైవ్ షాఫ్టులూ గేర్‌బాక్సూ తింటాయి. ఖరీదైన షాఫ్టులు కొనేముందు బుష్‌లు మార్చాలి. పాత మౌంటింగ్‌ల ఖాళీల్లో పాలీయురేథేన్ పోసి గట్టిపరచుకోవడం పేద రేసర్ల పాత పద్ధతి. కారంతా వణుకు వస్తుంది, ఇంటి కారుగా వాడుకుంటే విసుగే. కానీ ఈ కార్లకు పెట్టగల ఖర్చుల్లో ఇంత ఫలితమిచ్చేది మరొకటి లేదని నా నమ్మకం.

ఒక్క టైరే కాలితే తప్పు డిఫరెన్షియల్‌ది

మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ సమానంగా టార్క్ పంచుతుంది. ఒక చక్రం జారితే రెండోదానికి అందేది కూడా అంతే. దీనికి విరుగుడు లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్. గేర్లతో పనిచేసే టోర్సెన్ రకానికి వెర్నన్ గ్లీస్‌మన్ 1958లో అమెరికా పేటెంట్ పొందాడు. హోండా ఇంటెగ్రా టైప్ ఆర్‌లో ఫ్యాక్టరీ నుంచే ఇలాంటి గేర్ల రకం వచ్చేది, పాత గేర్‌బాక్సుల కోసం కుర్రాళ్లు అంతగా వెతికింది అందుకే. ఒక చక్రం పూర్తిగా గాల్లోకి లేస్తే మాత్రం ఈ రకం చేతులెత్తేస్తుంది. అన్నిటికన్నా చవక పని లోపలి గేర్లను వెల్డింగ్ చేసేయడం. తిన్నని దారిలో బాగానే లాగుతుంది. మలుపులో స్టీరింగ్ మొండికేస్తుంది, వెల్డింగ్ విరిగితే గేర్‌బాక్సు మొత్తం పోతుంది. స్ట్రిప్‌కు తప్ప రోడ్డుకు ఎక్కే కారుకు ఈ పని చేయకూడదు.

7 లీటర్ల ఇంజిన్‌తో ముందు చక్రాల కారు 1966లోనే వచ్చింది

ఓల్డ్స్‌మొబైల్ టొరొనాడో. 385 హార్స్‌పవర్ వీ8, గేర్‌బాక్సుకు పవర్ గొలుసు మీదుగా అందేది. అదే ఏడాది హర్స్ట్ సంస్థ రెండు టొరొనాడో ఇంజిన్లను ఒకే కారులో, ముందొకటి వెనకొకటి బిగించి ‘హెయిరీ ఓల్డ్స్’ పేరుతో డ్రాగ్ స్ట్రిప్‌ల మీద ప్రదర్శించింది. నాలుగు టైర్లూ ఒకేసారి పొగలు కక్కేవి. 2009 నాటి ఫోర్డ్ ఫోకస్ ఆర్‌ఎస్ 305 హార్స్‌పవర్‌ను ముందు చక్రాలకే ఇచ్చింది. స్టీరింగ్ పక్కకు గుంజకుండా అందులో రెవోనకిల్ అనే ప్రత్యేక సస్పెన్షన్ పెట్టారు.

మన వీధుల్లో కార్లు చాలావరకు ఈ జాతివే

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని వెనక చక్రాల కార్లు. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800తో ముందు చక్రాల కాలం మొదలైంది. ఇవాళ హైదరాబాదులో, విజయవాడలో కనిపించే చిన్న కార్లు దాదాపు అన్నీ అవే. పుణె దగ్గర ఆంబీ వ్యాలీ ఎయిర్‌స్ట్రిప్ మీద జరిగే డ్రాగ్ పోటీల్లో స్కోడా ఆక్టేవియా వీఆర్‌ఎస్ లాంటి ముందు చక్రాల టర్బో కార్లకు మంచి పేరుంది. అమెరికా స్ట్రిప్‌ల మీద జిగురు మందు చల్లి, రబ్బరు పూసి నేలను సిద్ధం చేస్తారు, చెప్పు అతుక్కుపోయేంత జిగట. అలా సిద్ధం చేయని తారు మీద గాలి, బుష్‌లు, బూస్ట్ సర్దుబాటు ఇంకా ఎక్కువ పని చేస్తాయి. ఇదంతా మూసిన దారి మీద, అంబులెన్సు పక్కన ఉండగా చేయాల్సిన పని. రింగు రోడ్డు మీద అర్ధరాత్రి చేసే ప్రయోగాల్లో పోయేది పక్కవాడి ప్రాణం కూడా.

జబ్బు ఎక్కడుందో టైమ్ స్లిప్ చెబుతుంది

పరుగు అయ్యాక చేతికిచ్చే చీటీలో చాలామంది చూసేది మొత్తం సమయం ఒక్కటే. పైన 60 అడుగుల అంకె, కింద ముగింపు దగ్గరి వేగం కలిపి చదవాలి. ముగింపు వేగం ఇంజిన్ బలాన్ని చెబుతుంది, మొదట్లో చక్రాలు కాస్త జారినా అది పెద్దగా మారదు. 60 అడుగుల సమయం పట్టును చెబుతుంది. అక్కడ పదో వంతు సెకను మిగిలితే చివరికి దాదాపు ఒకటిన్నర పదో వంతు మిగులుతుందన్నది రేసర్ల వాడుక లెక్క. బూస్ట్ పెంచాక ముగింపు వేగం పెరిగి, మొత్తం సమయం కదలకపోతే కొత్తగా వచ్చిన పవరంతా పొగైపోయినట్టే. అప్పుడు స్నేహితుడి చేతికి ఫోనిచ్చి, స్లో మోషన్‌లో పక్కనుంచి తీయమనాలి. ముందు టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య ఖాళీ మొదటి అర సెకనులో ఎంత తెరుచుకుందో, వెనక షాక్ రాడ్డుకు కట్టిన ప్లాస్టిక్ ట్యాగు ఎంత పైకి జరిగిందో చూస్తే, తర్వాత స్పానర్ పెట్టాల్సింది ముందా వెనకా అన్నది తేలిపోతుంది.